రెండిట్లో ఏది

మూత మీద నర్సు రాత:
కైడీ కంగ్రో. ముప్పై నాలుగు. తొమ్మిదో వారం.
చిన్న డబ్బా. కుదిపితే కరిగిన మంచు చప్పుడు.
దరఖాస్తుకి పిన్ను పెట్టి ఒక కాగితం ముక్క:
"సోమవారం కట్టెలు మోశాను.
శనివారం ఆవిరిగదిలో ఎక్కువసేపు కూర్చున్నాను.
రెండిట్లో ఏది?"

ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.

ఉప్పునీటి పళ్ళెంలో పోసి దీపం కిందికి జరిపాను.
నా పని విడదీయడం.
ఇది తల్లిది, ఇది బిడ్డది.
తల్లిది ముదురుగా, మందంగా, చిరిగిన ముఖమల్ పీలికలా.
బిడ్డది తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా,
నీళ్ళు తగలగానే నాచులా విప్పుకుంటుంది.
ఇరవై రెండేళ్ళ నుంచీ చూస్తున్నాను,
విప్పుకునే ఆ కాస్తసేపూ ఇప్పటికీ ఊపిరి బిగపడతాను.

పట్టకారు పొరపాటున ఎర్రదాన్ని పట్టుకుందా,
"అంతా సవ్యం, స్త్రీ" అని నివేదిక వెళ్తుంది.
ఆ సవ్యమంతా
పోగొట్టుకున్న మనిషిదే.
కొత్తలో ఒకసారి అలా పంపాను.
ఎవరికో అడక్కండి.

పది రోజులు వెచ్చని పెట్టెలో పెంచాను.
పెంచడం అనే అంటాం, టార్టూలో ఈ గదిలో కూడా.
అద్దం మీద ఆరబెట్టి, రంగు పట్టించి
జతలు జతలుగా పంక్తిలో కూర్చోబెట్టాను,
పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు వెనక.
పదహారో చోట రెండే విస్తళ్ళు.
ముగ్గురు కూర్చున్నారు.

ఇంకో కణం చూశాను. ఇంకోటి.
ఇరవైలోనూ ముగ్గురే.

కైడీ,
నువ్వింకా మీ అమ్మ కడుపులో ఉండగానే
ఆ జత చేతులు పట్టుకుని ఉంటుంది.
ముప్పై నాలుగేళ్ళు అలాగే నిలబడి
విడవాల్సిన రోజున విడవలేదు.
అప్పటికి నీ కట్టెలు కొట్టంలోనే ఉన్నాయి.
ఆవిరిగది రాళ్ళు చల్లగా ఉన్నాయి.

నివేదిక అడుగున ఖాళీలో రాశాను: ఏదీ కాదు.
డాక్టర్ ఉర్మస్ కళ్ళద్దాలు పైకి తోసుకుని
"ఇది నివేదిక భాష కాదు, ఐలీ" అన్నాడు.
కొట్టేస్తాడనుకున్నాను.
సంతకం పెట్టి, రెండో కాగితం అందుకున్నాడు.

ఇంకో గడి ఉంది ఫారంలో:
ఆడో మగో చెప్పాలా?
అవును దగ్గరా గీత లేదు, వద్దు దగ్గరా లేదు.
చెరిపిన గుర్తు మాత్రం ఉంది.

సాయంత్రం వంతెన మీద ఆగాను.
కింద ఎమాయొగి గడ్డకట్టి ఉంది.
తల్లినది అని ఆ పేరుకి అర్థం, చిన్నప్పటి నుంచీ
ఎన్నడూ పట్టించుకోలేదు.
చేతి తొడుగు తీసి, వేళ్ళు వాసన చూసుకుని,
ఆడపిల్ల, అన్నాను పైకి.
బస్సు కోసం పరిగెత్తే కుర్రాడొకడు
నన్నేమైనా అన్నారా అని వెనక్కి తిరిగాడు.