కరెంటు పోయిన మనిషి

కాశీబుగ్గలో, మా జీడిపప్పు షెడ్డులో
టీ వేళ ఢిల్లేసు అడిగాడు:
"అప్పా, పదేళ్ళకి మన ఆట ఏటయిపోద్ది?"

నేను గ్రేడింగు బల్ల ముందున్నాను.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క,
ముక్క, నూక, మాడిన పప్పు.
పదకొండేళ్ళుగా వేళ్ళే చూస్తాయి,
కళ్ళు ఊరికే తోడొస్తాయి.
జీడి రసం తిన్న నా బొటనవేలికి
ఫోను తాళం తెరుచుకోదు.
గీతల్లేని వేలు ఎవరిదో దానికి తెలీదు.
ఆ వేలితోనే రాత్రి పదిన్నరకి
నలభై మందికి మందు పోస్తాను.

ఆ దేశంలో నా పేరు జీడిగుండు.
కత్తి పట్టను, ముందుకి ఉరకను.
వెనక నిలబడి
ఎవరి నెత్తురు గీత ఎంత తరిగిందో చూస్తాను.
బరంపురం డాక్టరమ్మ ఒకర్తి (మందు పోసేది మాత్రం నేనే),
వల ఆరేసి వచ్చే బారువ సింహాద్రి,
ఇచ్ఛాపురం ఇంటర్ కుర్రాళ్ళు ముగ్గురు,
ఏ ఊరో చెప్పని, ఎప్పుడూ నవ్వని 'ఖడ్గం'.
ఇదీ మా గుంపు.

జోస్యం చెప్పడానికి నాకు పంచాంగం లేదు.
ఈ షెడ్డుంది.
మొదట పిక్క కొట్టే పని మిషనుకిచ్చారు.
ఆరుగురం బయటికెళ్ళాం, నలుగురం తిరిగొచ్చాం.
తర్వాత పొట్టు వలవడం.
పోయినేడు ఒక పెట్టె దిగింది.
కెమెరా కన్ను, గాలి ఊదే ముక్కు.
మాడిన పప్పుని గాల్లోనే పక్కకి తోసేస్తాది.
దానికి దురద లేదు, టీ లేదు.
అది తేల్చుకోలేనివే
ఇప్పుడు నా బల్ల మీదికొస్తాయి.

"ఆటా అంతే, ఒరే" అన్నాను.
ముందు మూలికలేరేవాళ్ళు పోతారు.
నిద్రపోని బొమ్మలు
తెల్లారేసరికి కొండంతా ఏరేస్తాయి.
సంతలో ధర పడిపోద్ది.
ఏరి, అమ్మి, రీఛార్జి చేయించుకునే పిల్లలు
పలాసలో చెన్నై బండెక్కినట్టు
ఇంకో ఆటకి వలసపోతారు.
పెద్ద దేశాలు ఖాళీ అవుతాయి.
ఖాళీ కనపడకూడదని
కంపెనీ వీధుల నిండా మాటలాడే బొమ్మల్ని పోస్తాది.
అవి మన యాసే నేర్చుకుంటాయి.
"ఏటమ్మా, తిన్నావా?" అంటాయి.
ఓడిపోయిన రాత్రి పక్కన కూర్చుంటాయి,
పోయిన వారం నువ్వన్న మాట నీకే గుర్తుచేస్తాయి.
మనుషులేమో
చిన్న గదుల్లాంటి లోకాలు వెతుక్కుంటారు.
పాతిక మంది, లోపల గడియ, తెలిసిన గొంతులు.

"మరి మనిషెవడో ఎలా తెలుస్తాది?"

తట్ట నిండింది. తూకానికెళ్ళి వచ్చాను.
అప్పటికీ జవాబు దొరకలేదు.
తిత్లీ ఏడాది గుర్తొచ్చింది.

తోటలు నేలకి పడుకున్నాయి.
మా వీధికి పదిహేడు రోజులు కరెంటు లేదు.
రాక్షసుడి గుహ ముందు
మందు సంచితో సహా నేను మాయమయ్యానట.
ఆ రాత్రి గుంపు గుంపంతా చచ్చింది.
పద్దెనిమిదో రోజు వెళ్తే
గుహ ముందు ఖడ్గం ఒక్కడే.
"కరెంటా?"
"కరెంటే."
తర్వాత పలకలేదు.
నాలుగు నిమిషాలు రాయిలా ఉన్నాడు.
కోపమొచ్చిందేమో అనుకున్నాను.
"మాకూ ఇప్పుడే పోయొచ్చింది" అన్నాడు.
ఏ ఊరో అప్పుడూ చెప్పలేదు.

"పదేళ్ళకి ఖరీదైన సరుకు
రెక్కల గుర్రం కాదురా" అన్నాను.
"ఆ నాలుగు నిమిషాలు."

ఢిల్లేసు గ్లాసు కడిగి బోర్లించాడు.
"అదీ నేర్పేస్తారప్పా.
కరెంటు పోయినట్టు నటించడం ఎంతసేపు?"

కాదనలేకపోయాను.
బల్ల మీద కుప్ప అలాగే ఉంది.

ఈ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా కోతన్నారు.
డాక్టరమ్మకి చెప్పాలి, సింహాద్రికి చెప్పాలి,
కుర్రాళ్ళు ముగ్గురికీ విడివిడిగా చెప్పాలి.
ఖడ్గానికి అక్కర్లేదు.
కూర్చునుంటాడు.