తొడిమ చప్పుడు

ఆ పిల్ల పేరు రూత.
ఋతువులో సగమేగా అని
సులువుగానే పిలిచాం.

బొచ్చుకుక్కపిల్లని కర్రకి కట్టినట్టు ఒక మైకు,
చెవులకి కొబ్బరిచిప్పలంత డిప్పలు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ ముందు
ఎర్రకుప్పల మధ్య మోకాళ్లేసుకుని
మా వేళ్ల దగ్గర ఆ కుక్కపిల్లని పెట్టింది.

టిక్.
తేజ మిరపకాయ తొడిమ విరిగితే
అంతే చప్పుడు.
ఇరవై రెండేళ్లుగా విరుస్తున్నా
నాకెప్పుడూ వినపడలేదు.

తన డిప్పలు తీసి నా చెవులకి పెట్టింది.
నా చేతుల్లో ఎవరో
పొద్దున్నించీ ఎండుచితుకుల మీద నడుస్తున్నారు.

తరవాత తుమ్మింది. ఏడుసార్లు.
నాగేంద్రం చిరంజీవ అంది.
మస్తాన్‌బీ అల్లాని తలుచుకుంది.
ఎస్తేరు స్తోత్రం అంది.
ముక్కు తుడుచుకుంటూనే ఆ పిల్ల
మూడూ రాసుకుంది, వరసలో.

నాటకం అన్నారు మాతో. కాసేపాగి పాట అన్నారు.
వాళ్ల ఊరి ఆడవాళ్లది ఒకటి వినిపించింది:
రెండు గొంతులు పక్కపక్కనే,
లాలాపేట సందులో ఎదురుపడ్డ రెండు బండ్లలా
ఒరుసుకుంటూ పోతున్నాయి.
"ఇద్దర్లో ఒకత్తె తప్పు పాడతంది" అంది నాగేంద్రం.
మధ్యలో మాట అందించే కాలేజీ కుర్రాడు
ఆమె చెప్పిందంతా విని, నీళ్లు నమిలి,
"తప్పు కాదంటండీ,
ఇద్దరూ తప్పుకోరంట" అన్నాడు.

ఆ మాట ఆమెదో, వాడిదో,
మన భాషలోనే పడుందో
ఇప్పటికీ తెలీదు.

మూడోరోజు వాడు పరీక్షలని పోయాడు.
మాటలు వాడి సంచీలోనే పోయాయి.
ఆమె ఏదో అనేది, నేను ఊ కొట్టేదాన్ని.
నేనేదో అంటే ఆమె.
చిన్నప్పుడు మా నాయన కథ చెప్తా చెప్తా ఆగేవాడు,
ఊ రాకపోతే చీకట్లో నా కాలు తడిమి చూసేవాడు.
డప్పు కొట్టినట్టే, తలుపు కొట్టినట్టే
ఊ కూడా కొట్టేదే.

ఆట రోజు ఖాళీ గోదాములో దీపాలార్పారు.
మిర్చి టిక్కీల మీద జనం:
యార్డు కమీషన్ వాళ్లు, సంగీతం నేర్చుకునే పిల్లలు,
ఎవరో పెద్ద ఆఫీసరు.
నాలుగు మూలలా మేం నలుగురం.
టిక్.
టిక్ టిక్.
"పాటెప్పుడు మొదలెడతారమ్మా?" ముందు నించి ఎవరో.
"వేలం కూడా పాటేగా, నువ్వే పాడు మరి!" వెనక నించి.
నవ్వులు. కొందరు లేచిపోయారు,
వాళ్ల చెప్పుల చప్పుడు చాలాసేపు ఉండిపోయింది.

అప్పుడు గోడల్లో దాక్కున్న ఘాటు
పని మొదలెట్టింది.
ఒక దగ్గు.
దానికి ఇంకో దగ్గు.
సిల్కు చొక్కా దగ్గు, హమాలీ దగ్గు,
ఆఫీసరు మింగబోయి మింగలేకపోయిన దగ్గు,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
ఒక్కటీ తప్పుకోకుండా.
మా గుంటూరు దగ్గుతోందని
ఆ రాత్రే విన్నాను.
చీకట్లోకి ఒక తొడిమ విరిచాను.

కూలి ముట్టింది, రోజు లెక్కే.
దగ్గుకి ఎవరూ లెక్క కట్టలేదు.
నా దగ్గు ఆ పెట్టెలో పడి విమానం ఎక్కింది.
నేను రైలుపేట గేటు దాటలేదు.
కోపమా అంటే,
ఉందిలే కొంచెం.

మొన్న ఎస్తేరు ఫోనుకి ఓ చప్పుడు పంపింది.
బొమ్మ లేదు, మాట లేదు.
కర్, కర్, కర్.
అప్పడాలు నలిపినట్టుందంది ఎస్తేరు.
ఉప్పుబస్తాల మీద ఎవరో నడుస్తున్నారంది మస్తాన్‌బీ.
నాగేంద్రం ఇంకోసారి పెట్టమంది.
అడుగుదామంటే కుర్రాడు లేడు.

చేతిలో కాయ పక్కన పెట్టి,
ఫోను నోటి దగ్గరికి తీసుకుని,
కొంగు అడ్డం పెట్టి దగ్గు ఆపుకుని
గట్టిగా
ఊ కొట్టాను.