మూసాపేట, మ్యాట్నీ

ఏనుగుపిల్ల కనురెప్ప మీద ఒక్క వానచుక్క.
ఎవరి చెయ్యి గీసిందో గాని
టిక్కెట్టు పైసలు అక్కడ్నే వసూలైనయ్.

తర్వాత పాట. పాట మీద పాట.
పెదవులది ఒక మాట, గొంతుది ఇంకో మాట.
తల్లి ఏనుగు కన్నుమూసిన కాడ కూడా
ఊపిరి తీసుకోనియ్యని డోళ్లు.

"ఒక్క పాటకే నక్క మంచిదెట్లయింది నాన్నా?"
పాప్‌కార్న్ డబ్బా అడుగుదాకా దేవినా
మేదినికి చెప్పే జవాబు దొరకలే.

క్లైమాక్సుకు నిద్రపోయింది.
భుజానేసుకుని మెట్రో ఎక్కిన.
తెరమీద నాకు విసుగు పుట్టించిన లాలిపాటే
నిద్రలో, నా మెడకానుకుని,
సగం మాటలు తప్పుగా,
ఒక్క డోలు లేకుండా.

ఎర్రగడ్డ దాటిందాకా
నేను భుజం మార్చలే.