రేపా, రేవా

ముప్పై రెండేళ్లు పంటు ఇంజను పక్కనే నిలబడ్డాను.
నరసాపురం ఒడ్డు నుంచి సఖినేటిపల్లి ఒడ్డుకి,
మళ్ళీ ఇటు.
నాజిల్ మూసుకుపోతే పొగ మారకముందే
నా చెవికి తెలిసిపోయేది.
ఆ చెవుల్నే
రోజుకింత, రోజుకింత
ఆ ఇంజనే తినేసింది.

మాటలు అసలే వినపడవని కాదండి.
అచ్చులొస్తాయి.
హల్లులు సగం దారిలో ఎక్కడో దిగిపోతాయి.
"ఆఉ ఓఆఆ?" అంటుంది కోడలు.
పాలు పోశావా?
కాలు కోశావా?
కాలు కోసేదైతే మొహం అంత చల్లగా ఉండదు,
చేతిలో గిన్నె కూడా ఉంది,
కాబట్టి పాలే.
"ఆఁ, పోశానమ్మా" అనేసరికి
ఆమె ఇంకో రెండు మాటలు దాటేసి
అవతలి ఒడ్డున ఉంటుంది.
నేనింకా ఇవతలే, పాలు పట్టుకుని.

భీమవరంలో చెవుల డాక్టరమ్మ
గాజు గదిలో కూర్చోబెట్టి
ఒక్కో మాటా చెప్పింది, నేను అప్పజెప్పాను.
బాగానే వినపడుతోందే, అంది.
ఆ గదిలో రొయ్యల చెరువు ఫ్యాన్లు లేవు మరి,
టీ కొట్టు గ్లాసులు లేవు,
ఒకడి మాట మీద ఇంకొకడు ఎక్కి కూర్చోడాలు లేవు.
మిషను పెట్టి పంపింది.
మిషనుకి చిన్నా పెద్దా తేడా లేదు.
కుక్కరూ, కాకీ, బల్ల మీద కాయితం, కన్నతమ్ముడూ
అందరికీ ఒకటే టికెట్టు.

సాయంత్రమయ్యేసరికి
చిల్లు పడవలో నీళ్లు తోడినట్టు
మెడ నరాలు లాగేస్తాయి.
"కుర్చీ దిగలేదు కదా, దేనికా అలుపు?" అంటాడు తమ్ముడు.
విన్నాన్రా.
పొద్దుట్నుంచీ
వింటూనే ఉన్నాను.

లోవరాజు ఫోన్ చేశాడు ఓ రోజు.
నా దగ్గర కళాసీగా చేసినవాడు, రాజోలులో ఉంటాడు.
రేవుకొస్తానన్నాడు.
ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి కూర్చున్నాను.
పంటు వచ్చింది, మోటారు సైకిళ్ళు దిగాయి,
అరటి గెలలు దిగాయి, పెళ్ళివాళ్ళు దిగారు.
వీడు దిగలేదు.
పోటెక్కి మెట్లు మూడు మునిగాయి.
ఆఖరి పంటు లైటు కూడా వచ్చి ఆరిపోయింది.

మర్నాడు తిన్నగా ఇంటికొచ్చాడు, పూతరేకుల పొట్లంతో.
నేను మొహం తిప్పుకున్నాను.
"రేపన్నాను సారంగు గారూ!
రేపు! పకారం! పకారం!"
పెదాలు చప్పున మూసి తెరిచి చూపించాడు,
చేప నోరులాగ.
ఇల్లంతా నవ్వింది.
రోజూ అందరూ నవ్వాక అరక్షణం ఆగి నవ్వే నేను
ఆ పూట వాళ్ళతోపాటే నవ్వేశాను.

రాత్రి కరెంటు పోతే నాకు చెవులూ పోతాయి.
చీకట్లో పెదాలు కనపడవు కదా.
అప్పుడు తల లోపల ఒకటే హోరు.
డాక్టరమ్మ దానికేదో పేరు చెప్పింది.
నాకు తెలుసు, అది నా ఇంజనే.
ఎవరో ఆపడం మర్చిపోయారు.

ఛార్జింగు లైటు వెలిగించి
పేరంటాలు లేసు అల్లుతుంది.
గొలుసులు లెక్కపెట్టుకుంటుంది లోలోపల,
గొంతు లేదు, ఊపిరి కూడా లేదు,
పెదాలు మాత్రం.
మంచి చెవులున్న తమ్ముడు పక్కనే ఉన్నాడు,
వాడికేం వినపడదు.
నేను గోడకి జారబడి, మిషను తీసేసి,
కష్టపడకుండా వింటున్నాను.
పద్నాలుగు. పదిహేను. పదహారు.
పద్దెనిమిది.

"ఓసేయ్," అన్నాను,
"పదిహేడేదీ?"

సూది ఆపి
నా వైపు అలా చూసి
ఒక గొలుసు విప్పింది.