రెండు ఖాళీ సున్నాలు

స్కోరు పుస్తకం నా దగ్గరే ఉంది.
అట్ట చెదలు తినేసింది, కుట్టు ఊడింది.
పెన్సిలు రాత మాత్రం నిన్న రాసినట్టే ఉంది.

ఆరు జట్లు. ఒకే ఒక్క సీజను.
చంపావతి ఒడ్డున మా గోనెమిల్లు,
బొబ్బిలి వైపు పంచదార ఫ్యాక్టరీ,
చీపురుపల్లి మాంగనీసు గనులు, రైల్వే,
విజీనారం బట్టల కొట్ల సంఘం.
ఆరోది, నాలుగాటలకే డబ్బుల్లేక
లాగులు తిరిగిచ్చేసి ఇళ్ళకెళ్ళిపోయింది.
దాని పేరు మీద గీత కొట్టింది నేనే.

ఆటకి ఎనిమిది రూపాయలు, రెండు కోడిగుడ్లు,
గెలిస్తే పైన ఇంకో రెండు రూపాయలు.
బంతాడితే కూలిస్తారంటే
మా అమ్మ నమ్మలేదు.
"ఎవుడి సొమ్మురా అది?" అంది.

కమ్మరి సూరిదేముడు బండిచక్రం పట్టా వంచి రింగు చేశాడు,
కొలత కాస్త తక్కువొచ్చింది.
ఖరగ్‌పూర్ నుంచి రైల్వే తెచ్చుకున్న ఆటగాడు
దాని కింద నిలబడి నవ్వాడు.
ఆ రాత్రి పదకొండుసార్లు
బంతి అంచు తగిలి బయటికొచ్చాక
నవ్వడం మానేశాడు.
వాడికి నెల జీతం, వేరే గది, కాన్వాసు బూట్లు.
మా అసిరప్పడి పాదానికి బూట్లే లేవు
ఈ జిల్లాలో.

అసిరప్పడు బేళ్ళు మోసేవాడు.
ఆరడుగుల నాలుగంగుళాలు.
గుమ్మాల దగ్గర వంగి వంగి
మెడ ముందుకొచ్చేసింది.
పరుగు రాదు, ఎగరాల్సిన పని లేదు.
ఫ్రీ త్రోకి మాత్రం
అరచేతుల్లో గోగునార పొడి లాగుకి తుడుచుకుని,
ఒక్క ఊపిరి వదిలి,
మోకాళ్ళ మధ్యనించి రెండు చేతుల్తో,
లారీ మీదున్నవాడికి బేలు అందించినట్టే
అందించేవాడు.
సీజను మొత్తం మీద నలభై ఏడు వేస్తే
నలభై ఒకటి పడ్డాయి.
గొప్పకి చెప్పటం లేదు. లెక్క.

లెక్క ఇలా రాస్తాం:
ఫ్రీ త్రో ఇస్తే చిన్న సున్నా చుడతాం.
పడితే లోపల నలుపు నింపుతాం.
పడకపోతే ఖాళీగా వదిలేస్తాం.
మూడో గుర్తు లేదు.

సిరిమాను వెళ్ళిన మూడో వారం ఫైనలు.
మిల్లు గొడౌను ముందు జాగా,
ఎనిమిది పెట్రోమాక్సు దీపాలు,
బేళ్ళ గుట్టల మీద జనం,
దీపాలకంటే ఎక్కువ పురుగులు.
ముప్పై ఒకటి. ముప్పై ఒకటి.
ఇంకా నలభై సెకన్లుంది.
ఖరగ్‌పూరోడు అసిరప్పడి మోచెయ్యి మీద కొట్టాడు.
ఈల.
నేను రెండు సున్నాలు చుట్టి
పెన్సిలు మొన నాలిక్కి తాకించాను.

అప్పుడు కూసింది మిల్లు కూత.
ఆ వేళకి కూత లేదు.
గేటు బయట రాత్రి షిఫ్టు వాళ్ళు, కేరేజీలతో.
గేటుకి ఒక కాగితం,
కాగితం కింద కొత్త తాళం.
మొదటి వరస కుర్చీలోంచి మేనేజరు
"ఆడండి, ఆడండి" అని చెయ్యూపాడు,
వానొస్తే పెళ్ళిభోజనాలు కానిమ్మన్నట్టు.

అసిరప్పడు చేతులు తుడుచుకున్నాడు.
ఊపిరి వదిలాడు.
నిండుకుండని కుదురు మీద దించినట్టు
బంతిని గీత మీద దించి
గేటు వైపు నడిచాడు.
పదడుగుల ఎత్తున్న రింగు కిందా
అలవాటుకొద్దీ కొంచెం వంగాడు.
వెనకాలే మిగతా నలుగురు.
ఆ తర్వాత, ఎందుకో, పంచదార ఫ్యాక్టరీ రిఫరీ కూడా,
ఈల నోట్లో ఉండగానే.

లాకౌటు డెబ్బై రెండు రోజులు.
లీగు మరి లేదు.
కప్పులో రైల్వే క్యాంటీను వాళ్ళు చింతపండు నానేసేవారని విన్నాను.

ఆట తెలిసినవాడెవడు ఈ పేజీ చూసినా
"రెండూ తప్పాడే" అంటాడు.
తప్పలేదు నాయనా, వెయ్యలేదు.
ఇంతకంటే ఎక్కువ చెప్పడం చేతకాక
పుస్తకం మూసేస్తాను.

చాన్నాళ్ళకి అతనే వచ్చాడు,
పలాసలో జీడిపిక్కల బట్టీ పొగకి
కళ్ళు మసకేసి.
"ఏటి రాసినావు గుమస్తా, ఆ రేత్తిరి?"
వేలు పట్టుకుని సున్నాల మీద పెట్టాను.
తడిమాడు, కాగితంలో గుంట తగులుతుందేమోనని.
"నువ్వే నింపు" అని పెన్సిలిచ్చాను.

"సెయ్యి ఆ రోజు బాగుండీది" అన్నాడు.
పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.
టీ తాగాడు, పంచదార ఎక్కువైందన్నాడు,
బస్సు వేళైందని లేచాడు.

ఇంకో పెన్సిలు కొనుక్కోవాలి.