గంటకో చుక్క

పుట్టగానే ఏడ్చింది.
ఏడుపు ముఖానికి కుడివైపే వచ్చింది.
ఎడమవైపు, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు
నిమ్మళంగా ఉండిపోయింది.

నాయనమ్మ త్సెవెల్మా వంగి చూసి
"ఒక కన్ను తెరుచుకునే నిద్రపోతోంది,
మందకి మంచి కాపలా" అంది.
అని, ఎందుకైనా మంచిదని
ఎనెబిష్ అని పేరు పెట్టింది.
ఇది కాదు, అని అర్థం.
తీసుకుపోవడానికి వచ్చింది ఏదైనా
పేరు విని, పొరబడి, వెనక్కి పోవాలని.

గోబీలో మార్చి అంటే గాలి.
పాలచాయ్ మీద కట్టిన మీగడలో కూడా ఇసుక.
అదే వారం పుట్టిన ఒంటె పిల్లకి
రెండు వరసల కనురెప్ప వెంట్రుకలు,
లోపల అడ్డంగా జారే మూడో రెప్ప.
దులమ్‌సురేన్ దాని మూతి పట్టుకుని
చాలాసేపు చూసింది.
అసూయ పడటానికి ఆమెకి
మనుషులెవరూ దొరకలేదు.

నరం సరిగ్గా మొలవలేదన్నారు.
చెవి వెనక నుంచి రెప్ప దాకా రావలసిన దారి
కడుపులోనే ఎక్కడో ఆగిపోయింది.
గంటకో చుక్క. రాత్రికి లేపనం, పైన టేపు.
ఫోనులో ఇరవై నాలుగు అలారాలు.

తుఫాను రాత్రి
గుడారం ఎగిరిపోకుండా నడిమి తాడుకి వేలాడుతూ
మూడు అలారాలు ఆమె వినలేదు.
తెల్లారేసరికి నల్లగుడ్డు కింది అంచు
విరిగిన పాల మీద తేలిన నీటి రంగు.

దలన్‌జద్‌గద్ ఆస్పత్రిలో, నీలి దీపం కింద
రంగుమందు పచ్చగా అంటుకుంది,
నెలవంకంత పుండు.
"దీనికి రక్తం రాదమ్మా, కన్నీరే తిండి" అన్నాడు డాక్టరు.
"మూడు గంటలు" అంది ఆమె.
ఆయన విన్నాడో, విననట్టు ఊరుకున్నాడో.

రెప్పల బయటి కొనకి రెండు కుట్లు.
కన్ను చిన్నదయింది.
లోకం ఇంకా పడుతుంది అందులో, కాస్త మసగ్గా.

కంటికి రెప్పలా, అంటాం.
ఎంత సులువుగా అంటాం.
రెప్పకి తెలియదు తను కాస్తున్నట్టు.
ఆ పని చేతులతో చేసి చూడాలి,
రాత్రి రెండున్నరకి, పొయ్యి ఆరిపోయాక,
వేళ్ళు కొంకర్లు పోతుంటే.
దేవతలకి రెప్ప పడదట.
వాళ్ళున్నచోట దుమ్ము లేదు, చెల్లింది.

ఇప్పుడు ఏడో నెల.
ఒంటె పిల్ల తలుపులోంచి తల దూరిస్తే
ఎనెబిష్ నవ్వుతుంది, కుడివైపు.
గాలి లేస్తే
దులమ్‌సురేన్ ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది.
చెయ్యి సీసా మీదికి పోతుంది.
మూత తిప్పిన చప్పుడుకే
పిల్ల మొహం పైకెత్తుతుంది.