వెనక వరుసల ఒకడు నవ్విండు

శుక్రవారం. సోహార్‌ల డ్యూటీ లేని ఒక్క పూట.
టికెట్ మూడు రియాళ్ళు.
దుబ్బరాజం వేళ్ళ మీద లెక్కగట్టి
"ఆరువందల అరవై. నవ్వు రాకపోతే వాపసు అడుగుదాం" అన్నడు.
మేం నవ్వింది గంతే,
లోపలికి పోకముందే.

తెర మీద ఒక పిలగాడు.
మైకు పట్టి మందిని నవ్వియ్యాలని వాని కల.
అద్దం ముందట ప్రాక్టీసు, డాబా మీద ప్రాక్టీసు,
నాయిన వద్దంటడు. నాయినకు రెండు కార్లు.
ఒక పిల్ల ఎందుకో వాణ్ణి ప్రేమిస్తది.
వాడు జోకేస్తే
సినిమాల ఉన్నోళ్ళు కడుపులు పట్టుకొని దొర్లుతున్నరు.
మా వరుసల మొండన్న
పాప్‌కార్న్ డబ్బాల పగలని గింజలు ఏరి
ఒక్కొక్కటి రుమాల్ల మూటగడుతున్నడు.

ఇంటర్వెల్‌ల ఎవ్వలం మాట్లాడలే.
ఏసీ మంచిగుంది అన్నరెవరో.
నిజమే, ఏసీ మంచిగనే నటించింది.
బయట నలభై ఆరు డిగ్రీల ఎండ
మా చెప్పుల కాడ కావలి కూసున్నది.

రెండో సగంల పిలగాడు ఓడిపోయిండు.
కాఫీ షాపుల కూసొని
"నా బాధ ఎవ్వలకు తెలుస్తది" అని ఏడ్చిండు.
కాఫీ సల్లారింది, వయొలిన్లు కురిసినయి,
కెమెరా వాని కన్నీటి సుట్టు
మొక్కు చెల్లించినట్టు మూడుసార్లు తిరిగింది.

అగో, గప్పుడు
వెనక వరుసల ఒకడు నవ్విండు.
మెల్లగ గాదు.
పాత బండి సెల్ఫు అందుకున్నట్టు
ఒకటి, రెండు, మూడు,
ఇగ ఆగలే.

మర్లి చూసినం.
తెల్లటి దిష్‌దాషా, కుట్టుపూల టోపీ,
ఒక్కడే ఒమానీ ముసలాయన.
ఆయన కండ్లు పిలగాని మీద లెవ్వు.
తెర అడుగున, కుడి నుంచి ఎడమకు పాకే
తెల్లటి అక్షరాల మీద ఉన్నయి.

సినిమా ఇడిచినంక చాయ్ బండి కాడ దొరికిండు.
పేరు ఖల్ఫాన్. చేపల పడవ నడిపేటోడట.
దుబ్బరాజం మొకమాటం లేనోడు,
"బాబా, అంత నవ్వు దేనికి?" అని
వచ్చిన నాలుగు భాషలు కలిపి అడిగిండు.
ముసలాయన మళ్ళ నవ్వి, దగ్గి, జెప్పిండు:
పిలగాడు ఏడ్చుకుంట అన్నడట,
"మా నాయన నాకు అన్నీ కొనిచ్చిండు,
ఏడుపొక్కటి సొంతంగ సంపాయించుకొమ్మన్నడు."
ఆఖర్ల అందరు లేసి చప్పట్లు కొడుతుంటే
కింద రాసి ఉందట,
"చప్పట్లు కొట్టినోళ్ళకు పార్కింగు ఫ్రీ."

సినిమాల ఆ ముచ్చటే లేదు కద అన్నడు మొండన్న.
"వల్లాహి, ఉంది" అని
ఖల్ఫాన్ చాయ్ పైసలు మావి గూడ ఇచ్చి పోయిండు.

ఎవడో వాడు.
కైరోలనో, బేరూత్‌లనో, ఇరుకు గదిల
మాటకు ఇంతని కూలికి కూసున్నోడు.
అర్ధరాత్రి మా లెక్కనే ఈ సినిమాను భరించి భరించి
ఇగ తట్టుకోలేక
పిలగాని నోట్ల తన మాట పెట్టిండు.
పట్టుబడితే పని పోతది.
పడకపోతే పేరు గూడ పడదు.

పదకొండేండ్లాయె నేను ఈడికొచ్చి.
ఆ అక్షరాల్ల నేను గుర్తువట్టేటియి మూడే:
బతాఖా మీద నా పేరు,
గోడల మీద మమ్నూ,
తలుపు మీద ఖురూజ్.
వాటితోని జోకు గూడ రాస్తరని
నాకు తోచలే.

క్యాంపుకు పోయే వ్యానుల
దుబ్బరాజం పిలగాని లెక్క ముక్కు చీది
"ఏడుపొక్కటి సంపాయించుకొమ్మన్నడు" అంటే
సీట్లు ఊగినయి.
మొండన్న మూట ఊడి గింజలన్ని కింద పడ్డయి.
బలూచీ డ్రైవరు అద్దంల చూసి
ఏందని అడిగిండు.

జెప్పినం.
మావి రెండు మాటలు కలిపి.